సువార్తమ్మకు క్యాన్సర్ రాకూడదట

అది 1969వ సంవత్సరం. చేవెళ్ల సర్కారు దవాఖానలో నేను డాక్టరుగా చేరి అప్పటికి రెండో ఏడు నడుస్తోంది. బీజాపూర్ రోడ్డు పక్కన పెంకుల కప్పు, ముందు వరండా, లోపల ఒక పరీక్ష గది, ఒక మందుల గది. బల్లలు చాలక జనం గోడవారన కింద కూర్చునేవాళ్ళు. జ్వరాలు, విరేచనాలు, తేలుకాట్లు, కాన్పులు, బండి చక్రం కింద నలిగిన కాళ్ళు, ఇవీ నా రోజులు. నేను మనోవ్యాధుల డాక్టర్నీ కాను, క్యాన్సర్ డాక్టర్నీ కాను. అయినా నా ఉద్యోగంలో మరపురాని కేసు ఏదని ఎవరడిగినా, ఆ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో మోసిన ఆలూరు సువార్తమ్మే గుర్తొస్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయింది కదా, కోపం చల్లారి ఉంటుందని రాయడానికి కూర్చున్నాను. చల్లారలేదు.

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ కోసం ఊళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. కాలేజీలు మూతబడ్డాయి. ఏ రోజు బస్సు వస్తుందో, ఏ రోజు బందో చెప్పగలిగేవాళ్ళు లేరు. మొయినాబాద్ దగ్గర కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు దొర్లించి కూర్చునేవాళ్ళు. నాది మొయినాబాదే. మా నాయన అక్కడ బడిపంతులు. అడ్డం కూర్చున్నవాళ్ళలో సగంమందికి ఆయన దగ్గర ఎక్కాలు తప్పినందుకు చెవులు మెలిపెట్టించుకున్న అనుభవం ఉంది. పట్నం పోయి మందులు తెచ్చుకునే రోగులంతా పోలేక మా వరండాలోకి వచ్చి పడ్డారు. సువార్తమ్మను ఆమె భర్త ఏసోబు నా దగ్గరికి తీసుకొచ్చింది కూడా అందుకే. ఆ బందులే లేకపోతే ఆమె ఎప్పటిలాగా పట్నం పోయేది, ఎప్పటిలాగా గోలీలు తీసుకుని తిరిగొచ్చేది, ఆ గడ్డ ఎవరి చేతికీ తగిలేది కాదు.

ఏసోబు ఆలూరులో వ్యవసాయ కూలి. పొడుగ్గా, సన్నగా, మాట తక్కువగా ఉండే మనిషి. పెళ్ళాం కోసం మందులు కావాలని, పట్నంలో పిచ్చాసుపత్రి వాళ్ళు ఇచ్చిన గోలీలు అయిపోవచ్చాయని, బస్సు లేదని చెప్పాడు. ఆమె జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. లేని మాటలు వినబడతాయి, లేని మనుషులు వెంటపడుతున్నట్టు ఉంటుంది, ఏది తన ఆలోచనో ఏది కాదో తేల్చుకోలేక మనిషి నలిగిపోతుంది. సువార్తమ్మకు తొలి కాన్పు బిడ్డ పుట్టిన కొద్దివారాలకే పోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఈ జబ్బు మొదలైంది. బిడ్డ దిగులే పిచ్చి అయిందని ఊరు తీర్మానించింది. పాస్టరు అయ్యగారు ప్రార్థనలు చేశారు. చివరికి పట్నంలో చేర్చారు. అక్కడ ఇచ్చిన క్లోర్‌ప్రోమజీన్ అనే మందుతో నిజంగానే మనిషి నిలబడింది. ఇంటికొచ్చి వంట చేసుకుంది, నాట్లకు పోయింది, ఆదివారం గుడిలో అందరితో కలిసి పాడింది. కాబట్టి ఆ ఆసుపత్రి చేసిన మేలు నేను కాదనను. నా కోపం దాని తర్వాతి సంగతి మీద.

నేను ఆమెను పరీక్ష గదిలోకి పిలిచి ఎట్లున్నవని అడిగాను. తల వంచుకునే చెప్పింది.

“నా రొమ్ముల బిడ్డ ఉన్నది డాక్టరమ్మా. ముందుగాల పాలు తాగుతుండె. ఇప్పుడు తాగుతలేదు, కొరుకుతున్నది. నా బిడ్డనే, అయినా నా మాట ఇంటలేదు.”

ఏసోబు సిగ్గుతో నేల చూపులు చూశాడు. పట్నంలో కూడా ఇదే చెప్పిందట. ఆ గోలీలకు పాలు వస్తాయని, ఫికర్ చేయాల్సింది లేదని అన్నారట. బిడ్డ మాట వచ్చేసరికి గోలీలు ఇంకొకటి పెంచారట.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఆ మందు వేసుకునే ఆడవాళ్ళలో కొందరికి కాన్పు లేకపోయినా పాలు రావడం నిజమే. అది మాకు తెలిసిన సంగతే. కానీ ఆ పాలు పాలలాగే ఉంటాయి, మామూలుగా రెండు వైపులా వస్తాయి. ఏసోబును బయటికి పంపి, తలుపు వేసి, ఆమె రవిక విప్పించాను. లోపల ఎడమవైపు పాత చీరపేలిక మడత పెట్టుకుని ఉంది. దాని మీద మరకలు పాలవి కావు, ఎండిన నెత్తురువి. రొమ్ములో నిమ్మకాయంత గడ్డ, రాయిలాగా గట్టిగా తగిలింది. దాని మీది చర్మం ఒకచోట లోపలికి లాక్కుని గుంటపడింది. చంకలో చిక్కుడు గింజంత బిళ్ళ ఒకటి. గడ్డ మాత్రం ఇంకా కింది కండకు అంటుకోలేదు, వేళ్ళ కింద కదులుతోంది. అంటే తీసేస్తే మనిషి బతికే అవకాశం ఇంకా ఉంది. ఆ అవకాశం ఎన్నాళ్ళో ఉండదు.

ఇంతకుముందు ఎవరన్న చెయ్యి పెట్టి చూసిన్రా అని అడిగాను. “ఎవలు చూస్తరమ్మా? సార్లు బల్లకు అవుతల కూసుంటరు, మేం ఇవుతల కూసుంటం” అంది.

ఆమె చెప్పింది అక్షరాలా అక్కడి పద్ధతి. పిచ్చాసుపత్రిలో డాక్టరుకూ రోగికీ మధ్య ఎప్పుడూ ఒక బల్ల ఉండేది. బల్లకు అటు నుంచి మాటలు అడుగుతారు, ఇటు నుంచి జవాబులు వస్తాయి. ఆడవాళ్ళ వార్డులో ఒంటిని చూసేది స్నానం చేయించే ఆయాలు మాత్రమే, వాళ్ళకు చీరలు తడవకుండా పని కానివ్వడమే పెద్ద పని. రోగి తన ఒంటి గురించి ఏం చెప్పినా దానికొక పేరు తయారుగా ఉండేది: సొమాటిక్ డెల్యూజన్, అంటే ఒంటి గురించిన భ్రమ. మనం కడుపులో నొప్పి అంటే కడుపునొప్పి. వాళ్ళు కడుపులో నొప్పి అంటే భ్రమ. సువార్తమ్మ తన జబ్బును బిడ్డ అంది నిజమే. కానీ ఎక్కడ ఉందో, ఎప్పుడు మారిందో, ఎట్లా బాధపెడుతోందో అన్నీ చెప్పింది. ఇంకేం చెప్పాలి ఒక రోగి?

చీటీ రాసి పంపితే అది బల్ల మీదే ఆగిపోతుందని నాకు తెలుసు. అందుకని మర్నాడు నేనే బయలుదేరాను. బస్సు లేదు. కూరగాయల లారీ ముందు భాగంలో నేను, సువార్తమ్మ, వెనక గంపల మధ్య ఏసోబు. మొయినాబాద్ దగ్గర అనుకున్నట్టే ఆపారు. ఒక కుర్రాడు నన్ను గుర్తుపట్టి, “అక్కా, గీమెకేమైంది?” అని అడిగాడు. రొమ్ములో గడ్డ లేచింది, తొందరగా పట్నం చేరాలి అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు. నలుగురు కలిసి బండను పక్కకు దొర్లించారు. లారీ దాటాక మళ్ళీ దాన్ని యథాస్థానంలో పెట్టడం నేను అద్దంలో చూశాను. ఆ తర్వాత జరిగిన ఆలస్యానికంతటికీ అందరూ ఆ గొడవలనే సాకు చెప్పారు. ఆ రోడ్డు మీద మమ్మల్ని ఆపినవాళ్ళు క్షణంలో దారి ఇచ్చారు. ఆసుపత్రుల్లో తలుపులు తీసిపెట్టుకుని కూర్చున్నవాళ్ళే దారి ఇవ్వలేదు.

పిచ్చాసుపత్రిలో ఆమెను చూస్తున్న డాక్టరు పేరు ఇక్కడ రాయను. తెలివైనవాడు, బాగా చదివినవాడు, మా విద్యార్థి రోజుల్లో ఆయన పాఠం అంటే హాలు నిండిపోయేది. అప్పట్లో డాక్టర్లలో ఒక అభిప్రాయం తిరుగుతుండేది: స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకు క్యాన్సర్ చాలా అరుదని, వాళ్ళ నెత్తురులో గడ్డలను పెరగనివ్వని గుణం ఏదో ఉందని. ఆ గుణం ఏమిటో పట్టుకోవాలని ఆయన పట్టుదల. ఆయన ధ్యాసంతా ట్యూమర్ బయాలజీ, అంటే ఒంట్లో గడ్డలు ఎందుకు పుడతాయో, ఎట్లా పెరుగుతాయో తేల్చే శాస్త్రం. పిచ్చికీ గడ్డకూ మధ్య ఉన్న ఆ ముడి విప్పితే లోకానికే మేలు జరుగుతుందని ఆయన నమ్మకం. నమ్మకంలో తప్పేమీ లేదు. ఆడవాళ్ళ వార్డులో సువార్తమ్మతో సహా చాలామంది దగ్గర నెత్తురు తీసి పరీక్షలకు పంపేవాడు. ఎందుకు తీస్తున్నారో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. సూది గుచ్చి నెత్తురు తీసేటప్పుడు అడ్డం రాని మర్యాద, రొమ్ము మీద చెయ్యి వేసి చూడాల్సి వచ్చేసరికి అడ్డం వచ్చింది.

నేను చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన ఓపికగా విని నవ్వాడు. మందు వల్ల వచ్చే వాపు అది, చిన్న డాక్టర్లు కంగారు పడతారు అన్నాడు. నెత్తురు వస్తోందన్నాను. గోకుకుని ఉంటుందన్నాడు. ఒకసారి మీరే చెయ్యి పెట్టి చూడండి సార్ అన్నాను. ఆయన కుర్చీలో కదల్లేదు.

“ఇన్నేళ్ళలో మా వార్డులో ఒక్కరికి కూడా క్యాన్సర్ రాలేదమ్మా. ఈమెకు వస్తుందా?”

“ఎంతమందిని పరీక్ష చేసి చూశారు సార్?”

“ఉంటే వాళ్ళే చెప్తారు కదా.”

“ఈమె చెప్పింది సార్. మీరు గోలీలు పెంచారు.”

ఆయన గంట కొట్టి తర్వాతి రోగిని పిలిచాడు. పక్కన నిలబడ్డ ఏసోబు నా కొంగు లాగినంత పని చేశాడు, సార్లకు కోపం తెప్పిస్తే తన పెళ్ళానికి మందులు ఆగిపోతాయని అతని భయం. ఆ భయం ఉత్తిది కాదని తర్వాత తెలిసింది.

అక్కడి నుంచి నేరుగా పెద్దాసుపత్రి సర్జికల్ వార్డుకు పోయాం. అక్కడి సర్జన్ ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి, మొహం మార్చుకుని, చిన్న ముక్క తీయించాడు. దాన్ని బయాప్సీ అంటారు, ఆ ముక్కను మైక్రోస్కోపు కింద చూసి అది ఏ రకం గడ్డో తేలుస్తారు. కొన్ని రోజులకు జవాబు వచ్చింది. క్యాన్సరే. రొమ్ము తీసేయాలి, త్వరగా తీసేయాలి అన్నాడు సర్జన్. అయితే పిచ్చి మనిషిని మామూలు వార్డులో పెట్టుకోవడం కుదరదని, ఆమె నెమ్మదిగానే ఉంటుందని పిచ్చాసుపత్రి వాళ్ళు రాసిస్తేనే చేర్చుకుంటానని మెలిక పెట్టాడు.

బయాప్సీ జవాబు పట్టుకుని నేను మళ్ళీ ఆ బల్ల దగ్గరికి పోయాను. ఇప్పుడైనా తప్పు తెలుస్తుందని, అయ్యో అంటాడని నా ఆశ. ఆయన జవాబు రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చెప్పిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

“క్యాన్సర్ ఉందంటే ఇది స్కిజోఫ్రీనియా కాదన్నమాట. హిస్టీరియా అయి ఉంటుంది. మనమే పొరబడ్డాం.”

హిస్టీరియా అంటే అప్పటి లెక్కలో మనసు బాధ ఒంటి మీద చూపించే జబ్బు, పిచ్చి కాదు. ఏళ్ళ తరబడి గాలిలో మాటలు వింటూ, అన్నంలో విషం ఉందని పస్తులుంటూ, మందుతో బాగుపడిన మనిషికి ఒక్క నిమిషంలో జబ్బు మారిపోయింది. ఆమెను మళ్ళీ ఒక్క ప్రశ్న అడిగింది లేదు. ఆమె అప్పుడు గది బయట మెట్ల మీద కూర్చుని ఉంది. హిస్టీరియాకు ఆ గోలీలు అవసరం లేదు కనుక వాటిని ఆపేస్తూ రాశాడు. నేను గొంతు చించుకుని వాదించాను. మందు ఆపితే మనిషి మళ్ళీ చెదిరిపోతుందన్నాను. గోడకు చెప్పినట్టే అయింది. తన సిద్ధాంతం నిలబడటానికి ఒక మనిషి జబ్బునే పక్కకు తోసేశాడు.

సర్జన్ మాత్రం సంతోషంగా చేర్చుకున్నాడు. పిచ్చి లేదని రాసుంది కదా. గోలీలు మీరైనా ఇవ్వండని బతిమాలాను. మనోవ్యాధుల డాక్టరు ఆపిన మందు నేనెట్లా ఇస్తాను అన్నాడు. ఆ మాట కాదనలేం, అదే దాని దుర్మార్గం. ఆ వారాల్లోనే పట్నంలో కాల్పులు జరిగాయి. గాయపడిన కుర్రాళ్ళతో వార్డు నిండిపోయి, నేల మీద కూడా పరుపులు వేశారు. వాళ్ళకు ముందు ఆపరేషన్లు చేయడం న్యాయమే, దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. సువార్తమ్మ వంతు వెనక్కీ వెనక్కీ పోయింది. నేను చేవెళ్ల వదిలి అక్కడే కూర్చోలేను. అప్పుడప్పుడు సెలవు పెట్టి పోయి చూసి వచ్చేదాన్ని. పోయిన ప్రతిసారీ ఆమె కొంచెం కొంచెంగా చేయి జారిపోతున్నట్టు కనబడేది. మొదట నిద్ర పోయింది. తర్వాత అన్నం పోయింది. తర్వాత నర్సులు బిడ్డను ఎత్తుకుపోవడానికి వచ్చారని రొమ్ము చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

ఒకరోజు మధ్యాహ్నం మా వరండాలో గోలగా ఉంటే బయటికి వచ్చాను. ఏసోబు పెళ్ళాన్ని భుజం మీద వేసుకుని నిలబడ్డాడు. బస్సు మొయినాబాద్ దాకే వచ్చిందట, అక్కడి నుంచి దొరికిన బండి ఎక్కించుకుని, దొరకనిచోట మోసుకుని తెచ్చాడు. ఆమె మణికట్ల మీద తాడు ఒరుసుకున్న పుండ్లు. ఆపరేషన్‌కు తీసుకుపోబోతే పెనుగులాడిందని మంచానికి కట్టేశారట. సాయంత్రం దాకా కట్టే ఉంచి, ఇక మా వల్ల కాదని పంపించేశారట.

ఎప్పుడూ గొంతెత్తని ఏసోబు ఆ రోజు వరండాలో అందరి ముందూ అన్నాడు: “పిచ్చి లేదన్నరు, గోలీలు బందు వెట్టిన్రు. బందు వెడితె పిచ్చి లేసింది. లేస్తె పిచ్చిదని ఎల్లగొట్టిన్రు. మేమెటు వోవాలె డాక్టరమ్మా?”

ఆమెను లోపల పడుకోబెట్టి పుండ్లు కడిగాను. చంకలో చెయ్యి పెడితే మొదట చిక్కుడు గింజంత ఉన్న బిళ్ళ పక్కన ఇంకో రెండు చేరాయి. రాసినవాళ్ళు రాసిందేదైనా కానీ అనుకుని ఆ గోలీలు నేనే మొదలుపెట్టాను. మూడో వారానికి ఆమె నా మొహం గుర్తుపట్టి, బోజనమైందా డాక్టరమ్మా అని అడిగింది. మా కాంపౌండరు ఆ మాట విని పక్కకు పోయి కళ్ళు తుడుచుకున్నాడు.

మందు పనిచేస్తోంది, మనిషి తేరుకుంది. గడ్డ మాత్రం అక్కడే ఉంది. పట్నంలో ఇక ఎవరి గడపా తొక్కదలుచుకోలేదు. ఆలూరు పాస్టరు అయ్యగారు పడమటి వైపు ఉన్న ఒక మిషన్ దవాఖాన సంగతి చెప్పారు. అక్కడ సర్జన్ ఒక పెద్దావిడ, తెలుగు మనిషే. వెంట్రుకలు పూర్తిగా నెరిసిపోయి, మాట మాత్రం కరుకుగా ఉండేది. నేను జరిగిందంతా చెప్పి, ఈ మందు ఆపకూడదమ్మా అన్నాను. ఎందుకు ఆపాలి, మత్తు ఇచ్చే ముందు మేమే ఒక్కోసారి ఇదే మందు ఇస్తాం అంది. భర్త మంచం పక్కనే పడుకోవచ్చు అంది. ఇన్నాళ్ళూ పర్వతంలాగా కనబడిన అడ్డంకులు రెండు మాటల్లో తేలిపోయాయి. అవి నిజంగా అడ్డంకులే అయి ఉంటే ఇంత తేలిగ్గా పోయేవా?

ఆ పెద్దావిడ ఇంకో పని చేసింది. ఇన్ని చోట్ల తిప్పిన ఏ డాక్టరూ చేయనిది. మంచం మీద సువార్తమ్మ పక్కనే కూర్చుని, ఆమెనే అడిగింది. అమ్మా, నీ ప్రాణం నిలవాలంటే ఈ రొమ్ము తీసేయాలి, నీకు ఇష్టమేనా అని.

సువార్తమ్మ కొంగును రొమ్ము మీదికి లాక్కుంది. తర్వాత, “తీసినంక నా బిడ్డ ఏమైతది?” అని అడిగింది.

నేను నోరు తెరవబోయాను. బిడ్డ లేదు, అది గడ్డ అని చెప్పాలని. పెద్దావిడ నన్ను చేత్తో ఆపింది. ఏం చేస్తే నీకు మనసు కుదుటపడుతుందో చెప్పు అంది.

“నా తొలుసూరు బిడ్డను ఆలూరుల మట్టి జేసినం. దీన్ని గూడ ఆడనే పక్కకు పెట్టాలె. కుక్కల పాలు జెయ్యొద్దు.”

అట్లాగే చేస్తానని పెద్దావిడ మాట ఇచ్చింది. సువార్తమ్మ తానే నడిచి ఆపరేషన్ గదిలోకి పోయింది. తాడు అక్కర్లేదు, బలవంతం అక్కర్లేదు. తీసిన భాగం నుంచి మైక్రోస్కోపుకు కావాల్సిన ముక్కలు ఉంచుకుని, మిగిలినది మూతపెట్టిన రేకుడబ్బాలో గుడ్డ చుట్టి ఏసోబుకు ఇచ్చారు. సమాధుల దొడ్లో తొలి బిడ్డ పక్కన గుంట తీసి అతను దాన్ని పెట్టాడు. అయ్యగారు ప్రార్థన చేయాలా వద్దా అని తటపటాయించి, చివరికి బైబిలు మూసే ఉంచి పక్కన నిలబడ్డారట. ఇది విని నా తోటి డాక్టర్లు కొందరు నవ్వారు, పిచ్చికి వంతపాడారన్నారు. వాళ్ళు చేసినదాని కంటే ఇది ఎందులో పిచ్చో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అప్పటి నుంచి సువార్తమ్మ నోట బిడ్డ కొరికే మాట మళ్ళీ రాలేదు. వేరే గొంతులు అప్పుడప్పుడు వినబడేవి, వాటితో ఆమెకు సర్దుకోవడం తెలుసు.

తర్వాత కొన్నేళ్ళకు పట్నంలో డాక్టర్ల సభ ఒకటి జరిగింది. ఉద్యమం అప్పటికి చల్లబడింది, బస్సులు వేళకు నడుస్తున్నాయి. ఆ పిచ్చాసుపత్రి డాక్టరు తన పరిశోధన చదివాడు. తన వార్డులో ఇన్నేళ్ళుగా ఉన్న స్కిజోఫ్రీనియా రోగుల్లో రొమ్ము క్యాన్సర్ ఒక్కరికీ కనబడలేదని, కాబట్టి వాళ్ళ నెత్తురులో రక్షణ గుణం ఉండి తీరాలని చెప్పాడు. హాలంతా చప్పట్లు. నేను వెనక వరుసలో లేచి నిలబడ్డాను. ఆలూరు నుంచి మీ వార్డుకు వచ్చిన ఒక ఆవిడకు నేను స్వయంగా గడ్డ చూశాను, బయాప్సీలో తేలింది, ఆ జవాబు మీ చేతికి ఇచ్చింది నేనే, ఆమె మీ లెక్కలో ఎక్కడ ఉంది అని అడిగాను.

ఆయన నన్ను గుర్తుపట్టాడు. ఏమాత్రం తడబడలేదు. ఆ రోగికి తర్వాత డయాగ్నసిస్ మార్చామని, అందుకే ఆమెను ఇందులోంచి తీసేశామని చెప్పాడు. మార్చింది ఎందుకు అని అడిగాను. సభాధ్యక్షుడు గడియారం చూపించి నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. ఆమె ఈ రోజుకీ అదే మందు మింగుతోంది, మందు ఆపితే ఏమవుతుందో మీరు చూపించారు, రండి, చేవెళ్ల బస్సెక్కి వచ్చి చూడండి అన్నాను. కొందరు అయ్యో పాపం అన్నట్టు నవ్వారు, కొందరు కాగితాలు సర్దుకున్నారు. టీకి లేచే వేళయింది.

ఆ వారమే సువార్తమ్మ గోలీల కోసం వచ్చింది. ఎడమ చెయ్యి వాచి ఉంటుంది ఆమెకు, ఆపరేషన్ తర్వాత కొందరికి అట్లా అవుతుంది. ఆ చేతిని కుడిచేత్తో పట్టుకుని బల్ల మీద కూర్చుంది. నాలో మంట ఇంకా ఆరలేదు. సభలో జరిగింది చెప్పాను, ఆ సారు నీకు పిచ్చే లేదంటున్నాడు అన్నాను. ఏసోబు తల అడ్డంగా ఊపాడు. ఆమె మాత్రం శ్రద్ధగా విన్నది.

“మరి గిన్నేండ్లు నా నెత్తురు ఎందుకు తీసిండు?”

పిచ్చివాళ్ళకు గడ్డలు ఎందుకు రావో చూడటానికి అన్నాను.

“నాకొచ్చింది గద.”

వచ్చింది కాబట్టే నిన్ను లెక్కలోంచి తీసేశాడు అన్నాను. నా వైపు చూసిన చూపులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది: “తీసేస్తే నేను లేనట్టేనా డాక్టరమ్మా?”

లేనట్టు ఎట్లయితవ్, నా ముందు కూసున్నవ్ కద అన్నాను. అంతకంటే మంచి జవాబు నాకు తోచలేదు. ఆమె గోలీలు కొంగున కట్టుకుని, వచ్చే నెల వస్తానని పోయింది.

ఇంకొన్ని పంటలు చూసింది సువార్తమ్మ. తర్వాత గడ్డ ఊపిరితిత్తుల్లో తిరగబెట్టింది. చివరి రోజుల్లో ఆలూరు పోయి చూసి వచ్చాను. మనసు తేటగా ఉంది, ఊపిరే అందలేదు. మొదటిసారి నా చేతికి తగిలినప్పుడే తీసేసి ఉంటే ఆమె ముసలిదయ్యేదా అని ఏసోబు నన్ను ఒక్కసారే అడిగాడు. తప్పకుండా అయ్యేదని చెప్పలేను, ఆ రోగం అట్లాంటిది. కానీ అయ్యే అవకాశం ఉండింది. దాన్ని రోగం తినేయలేదు, ఒక పెద్దమనిషి మాట నెగ్గడం కోసం వృథా అయిన వారాలు తినేశాయి.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పమంటే, పరిశోధన వద్దని మాత్రం చెప్పను. క్లోర్‌ప్రోమజీన్ కూడా ఎవరో పరిశోధన చేస్తే వచ్చిందే, అది లేకపోతే సువార్తమ్మ ఆ మాత్రం బతుకు కూడా బతికేది కాదు. కానీ ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన మతి చెదిరిన ప్రతి మనిషినీ మంచం మీద పడుకోబెట్టి తల నుంచి పాదం దాకా చెయ్యి పెట్టి చూశాను. వాళ్ళు పాము అన్నా, బిడ్డ అన్నా, నిప్పు అన్నా, ఎక్కడ ఉందో చూపించమని అక్కడ చూశాను. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. కొన్నిసార్లు ఉండేది. ఇప్పటి డాక్టర్లు ఎవరైనా నా దగ్గరికి వచ్చి, ఫలానావాళ్ళకు ఫలానా జబ్బు రాదండీ అని గొప్పగా చెప్తే నేను మర్యాదగా వింటాను. విన్నాక, వాళ్ళ రవిక విప్పి ఎవరైనా చూశారా నాయనా అని అడుగుతాను.